ఐదుకి ఐదు టిక్కులు: కనిగిరి ఫ్లోరైడ్ ప్రాజెక్టు డైరీ

2024 నవంబరు 18, సోమవారం

మొన్న శనివారం ఇంటర్నల్ పేపర్లు తీయించుకుందామని జెరాక్స్ షాపుకెళ్లాను. నాకంటే ముందే మా సెకండియర్ బీఎస్సీ పిల్లవాడొకడు కౌంటర్ దగ్గర ఉన్నాడు. షాపబ్బాయి అడుగుతున్నాడు: "ఏ టాపిక్ కావాలి? ప్లాస్టిక్కా, డెంగీనా, మంచినీళ్లా? మంచినీళ్లదైతే బైండింగుతో సహా రెడీగా ఉంది. పేరొక్కటి మార్చుకుంటే చాలు." పిల్లవాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఇక ఏ టాపిక్కూ అడగలేదు.

దారంతా వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ మంచినీళ్ల రిపోర్టు పోయినేడు నా బల్ల మీదికీ వచ్చే ఉంటుంది. నీటైన టైపింగు, రంగురంగుల చార్టులు చూసి నేనే తొంభైకి పైన వేసి ఉంటాను.

అందుకే ఈ డైరీ. ఇరవైనలుగురు పిల్లలతో కనిగిరి చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిపిస్తాను. అది సగం పని. మిగతా సగం, కొలిచే పిల్లలను నేను కొలవడం. నాలుగు నెలలు ఒళ్లు వంచి పరిశోధన చేసినవాడికీ, రిపోర్టు కొనుక్కొచ్చినవాడికీ తేడా నా మార్కుల్లో కనబడాలి. ఇన్నేళ్లుగా కనబడలేదు.

ఫ్లోరైడే ఎందుకని స్టాఫ్ రూంలో అడిగారు. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మన దేశంలో ఈ జబ్బు సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది దాంతోనే. వాళ్లు రాసింది నెల్లూరు జిల్లా గురించి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో పుట్టింది. కనిగిరి, పొదిలి అప్పుడు నెల్లూరులోనివే. అంటే మా పిల్లల ముత్తాతల పళ్ల గురించి లండన్‌లో చదివారు, మా పిల్లలు మాత్రం ఇంతవరకూ చదవలేదు. పైగా మా లాబ్‌లో రంగు చిక్కదనాన్ని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ పనిచేస్తోంది. ఇంతకంటే కారణం ఏం కావాలి?

2024 నవంబరు 21, గురువారం

డిగ్రీ పిల్లలతో రీసెర్చ్ చేయించడం కొత్తేం కాదు. అమెరికాలోని ఎంఐటీలో మార్గరెట్ మెక్‌వికర్ 1969లోనే దానికో పథకం పెట్టింది. మనకు 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక నాలుగో ఏడు ఆనర్స్ విత్ రీసెర్చ్ అన్న మాట వినబడుతోంది. చేయించడం దగ్గర ఎవరికీ ఇబ్బంది లేదు. పిల్లలకు ఏం వచ్చిందో చూడ్డం దగ్గరే బండి ఆగిపోతోంది.

రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఎక్కువమంది వాడేది సర్వే. అక్కడి గ్రినెల్ కాలేజీలో డేవిడ్ లోపాటో తయారుచేసిన 'ష్యూర్' అనే ప్రశ్నావళి బాగా ప్రసిద్ధి. నీకు ఫలానా నైపుణ్యం ఎంత పెరిగింది అని అడుగుతారు, విద్యార్థి ఒకటి నుంచి ఐదు దాకా టిక్కు పెడతాడు. 2015లో సైన్స్ పత్రికలో మార్షియా లిన్, ఆమె బృందం ఇలాంటి అధ్యయనాలు 60 తిరగేశారు. సగానికి పైగా విద్యార్థి తన గురించి తాను చెప్పుకున్న మాటల మీదే నడిచాయనీ, అందువల్ల ఆధారం బలహీనంగా ఉందనీ తేల్చారు. అన్నం ఉడికిందా అని బియ్యాన్నే అడిగినట్టు ఉంది వ్యవహారం. ఇంట్లో మనం మెతుకు పట్టుకుని చూస్తాం కదా.

కాబట్టి నేను మూడు పెట్టుకున్నాను. సర్వే ఎలాగూ ఉంటుంది, తెలుగులో పది వాక్యాలు. రెండోది ఒకే ఒక్క ప్రశ్న. అమెరికాలో 2011లో సిరమ్, హంబర్గ్ అనే ఇద్దరు ప్రయోగ రూపకల్పన పరీక్ష ఒకటి పెట్టారు: జిన్సెంగ్ వేరు తింటే ఓపిక పెరుగుతుందని ప్రకటన వచ్చింది, నమ్మే ముందు నీకు ఏ ఆధారం కావాలి అని. మా పిల్లలకు జిన్సెంగ్ ఏం తెలుసు? నేనిలా మార్చాను: "చిల్లగింజ అరగదీసి కుండలో కలిపితే నీళ్లలో ఫ్లోరైడ్ పోతుందని ఒకాయన చెబుతున్నాడు. నమ్మే ముందు నీకు ఏం చూపించాలి? ఎలా పరీక్షిస్తావో వివరంగా రాయి." బురదనీళ్లు తేరుకోవడానికి చిల్లగింజ వాడటం వాళ్ల నాయనమ్మలకు తెలుసు. ఫ్లోరైడ్ పోతుందా అన్నది వేరే సంగతి, ప్రశ్నలో మెలిక అదే.

మూడోది రఫ్ బుక్. ఫెయిర్ రికార్డు కాదు, రఫ్ బుక్కే. పేజీ నెంబర్లు ముందే వేయించి, కాలేజీ స్టాంపు కొట్టించి ఇస్తాను. చింపితే తెలిసిపోతుంది.

2024 నవంబరు 23, శనివారం

సర్వే, చిల్లగింజ ప్రశ్న రెండూ పెట్టాను. సర్వే పది నిమిషాల్లో తిరిగొచ్చింది. సగటు ఐదుకి 4.7. 'నేను ప్రయోగాన్ని సొంతంగా రూపొందించగలను' అన్న వాక్యానికి ఇరవైనలుగురిలో ఇరవైఒక్కరు ఐదు పెట్టారు. ఇంకా ఒక్క సీసా కూడా ముట్టుకోలేదు వీళ్లు.

చిల్లగింజ దగ్గర ఆ ఇరవైఒక్కరే ఏం రాశారంటే: "లాబ్‌లో టెస్ట్ చేయించాలి." "సైంటిస్టులను అడగాలి." "గవర్నమెంటు సర్టిఫికెట్ ఉందేమో చూడాలి." ఒకమ్మాయి మాత్రం "గింజ కలపని కుండ ఇంకోటి పక్కన పెట్టాలి" అని రాసి, మళ్లీ కొట్టేసింది. ఎందుకు కొట్టేశావని అడగలేదు, అడిగితే ప్రశ్న చెడిపోతుందని.

2024 నవంబరు 30, శనివారం

ఆరు టీములు, టీముకి నలుగురు. పేర్లతో తకరారు రాకుండా సీసా మూతల రంగులే టీము పేర్లు: ఎర్రమూత, నీలంమూత, తెల్లమూత, పచ్చమూత, పసుపుమూత, నల్లమూత. ప్లాస్టిక్ సీసాలే, ఫ్లోరైడ్‌కి గాజు వద్దు. మొదటి రౌండు ఈరోజు అయింది. పామూరు రోడ్డు మీద రెండు పల్లెలు, వెలిగండ్ల వైపు ఒకటి.

ఒక ఊళ్లో బోరింగు దగ్గర అవ్వ ఒకామె కూర్చుని మమ్మల్నే చూస్తా ఉంది. మా అబ్బాయి సీసా కడిగి నీళ్లు పట్టి, మూత బిగించి, లేబుల్ మీద టైము రాస్తుంటే అంది: "రాసుకో నాయనా రాసుకో. నా పెళ్లయిన కాణ్ణుంచీ వస్తానే ఉండారు, సీసాల్తో నీళ్లు పట్టకపోతానే ఉండారు. ఏం తేలిందో చెప్పినోడు మాత్రం ఒక్కడు రాలా." పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. పళ్లు కనబడ్డాయి, గోధుమరంగు గార అడ్డంగా గీతలుగా.

దిగి వచ్చేటప్పుడు పిల్లలకు చెప్పాను, మార్చిలో ఈ ఊరికి తిరిగొచ్చి ఫలితం చెబుతామని. చెప్పేశాను కానీ అప్పటికి మా దగ్గర చెప్పదగ్గ ఫలితం ఉంటుందా అని గుబులు.

2024 డిసెంబరు 11, బుధవారం

రియేజెంట్ తయారీ. స్పాడ్న్స్ పద్ధతి. ఎర్రటి రంగు, జిర్కోనియంతో కలిసి ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియంను లాక్కుంటుంది, రంగు పలచబడుతుంది. ఎంత ఫ్లోరైడ్ ఉంటే అంత పలచన. 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు దగ్గర రీడింగ్ తీయాలి. పుస్తకంలో 50 మిల్లీలీటర్ల నీళ్లకు 10 మిల్లీలీటర్ల రియేజెంట్ అని ఉంటుంది. మా బడ్జెట్‌కి అంత చెయ్యి లేదు కనుక 10కి 2 చొప్పున చేస్తున్నాం, నిష్పత్తి అదే. స్టాండర్డ్ కోసం సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు లీటరు నీళ్లలో. అంటే లీటరుకి వంద మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అక్కణ్ణుంచి కిందికి పలచన చేసుకుంటూ రావాలి.

గ్రాఫు గీసేసరికి లాబ్‌లో కలకలం. గీత కిందికి దిగింది. ఇంతకాలం వీళ్లు చేసిన ప్రతి కలరీమీటర్ ప్రయోగంలో గీత పైకే ఎక్కింది. పసుపుమూత వాళ్లయితే గ్రాఫు తిప్పి, ఎక్స్ అక్షం కుడి నుంచి ఎడమకు రాసి, గీతను పైకెక్కించారు. నాకు నవ్వాగలేదు. కానీ రఫ్ బుక్‌లో అది ఉంది, తిప్పిన గ్రాఫూ ఉంది, పక్కన ఆ తర్వాత రాసిన "తప్పు. రంగు తగ్గుతుంది కదా" కూడా ఉంది. ఇదే ఫెయిర్ రికార్డయితే నాకు మొదటి గ్రాఫు దొరికేది కాదు.

2024 డిసెంబరు 20, శుక్రవారం

ఈ రోజు సంగతి కొంచెం వివరంగా రాసుకోవాలి.

ఎర్రమూత టీము ఐదు బోర్ల ఫలితాలు తెచ్చింది: 1.38, 1.41, 1.40, 1.43, 1.41. ఒకదాని పక్కన ఒకటి సైజు వారీగా నిలబెట్టినట్టున్నాయి. టీము లీడరు మొహం వెలిగిపోతోంది. "చూశారా మేడం, ఎంత కరెక్టుగా వచ్చాయో! అన్నీ 1.5 లోపే. ఊరికి ప్రమాదం లేదు." తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500లో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని ఉంది. అది వాడికి నోటికొచ్చు.

నేనేం అనలేదు. నిజం చెప్పాలంటే పాత అలవాటు ప్రకారం పుస్తకం మీద 'గుడ్' అని రాయబోయాను.

పక్క బల్ల మీద నీలంమూత వాళ్లకీ ఒక బోరు నీళ్లు 1.42 దగ్గరే వచ్చాయి. ఆ టీములో ఒకమ్మాయి, చిల్లగింజ దగ్గర కుండ కొట్టేసిన పిల్లే, క్యూవెట్‌ను, అంటే మీటరులో పెట్టే చిన్న గొట్టాన్ని, వెలుతురు వైపు ఎత్తి చూస్తా ఉంది. "మేడం, రంగు దాదాపు పోయింది. ఇక పోవడానికి ఏముంది?" అంది. అడిగేసి తనే సిగ్గుపడింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండా ఆ నీళ్లు రెండు మిల్లీలీటర్లు తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో పదికి నింపి, మళ్లీ రియేజెంట్ కలిపింది. 0.72 వచ్చింది. అయిదింతలు. 3.6.

కారణం చిన్నదే. స్పాడ్న్స్ పద్ధతి లీటరుకి 1.4 మిల్లీగ్రాముల దాకానే నమ్మకంగా చెబుతుంది. దాటితే గీత వంగిపోతుంది, మీటరు ఏదో ఒక అంకె చూపిస్తుంది కానీ ఆ అంకెకు అర్థం ఉండదు. రెండు మిల్లీగ్రాములున్న నీళ్లూ, నాలుగున్న నీళ్లూ అక్కడ ఒకేలా కనబడతాయి. ఎర్రమూత వాళ్ల ఐదు బోర్లూ తాగదగ్గవని కాదు, ఐదూ స్కేలు పైకప్పుకి తగులుకుని ఆగాయి. ఆ పిల్లవాడు ప్రమాదం లేదన్న ఊళ్లోనే మా అవ్వ ఉంటుంది.

వాణ్ణి తిట్టలేదు. నేను కూడా గుడ్ రాయబోయానని చెప్పాను. వాడు పైపెట్ తీసుకుని ఐదు సీసాలూ మళ్లీ బల్ల మీదికి తెచ్చాడు, బస్సు టైము దాటిందాకా చేశాడు. మూడు సీసాల్లో ఫ్లోరైడ్ రెండు మిల్లీగ్రాములు దాటింది.

ఇంటికొచ్చాక స్కూటర్ స్టాండు వేస్తుంటే తట్టింది. నవంబరులో నా సర్వేలో ఇరవైఒక్కరు పెట్టిన ఐదులు కూడా ఇలాంటివే కదా. మా స్కేలు ఐదు దగ్గర ఆగిపోతుంది. బాగా తెలిసినవాడూ, తెలియదని తెలియనివాడూ అక్కడ ఒకేలా కనబడతారు. ఆ సర్వేనీ పలచన చేయాలి.

2025 జనవరి 4, శనివారం

పలచన చేశాను. 'నేను డేటాను విశ్లేషించగలను' లాంటి వాక్యాలు తీసేశాను. వాటి బదులు: 'గత నెలలో ఎన్ని రీడింగులు మళ్లీ తీశావు? ఏది, ఎందుకు?' 'నువ్వు నమ్మని అంకె ఒకటి చెప్పు.' 'టీములో మరొకరు చెప్పిన మాట వల్ల నువ్వు మార్చుకున్నది ఏది?' ఇక్కడ ఐదుకి ఐదు టిక్కు పెట్టడానికి చోటు లేదు. రాయాలి, లేదా ఖాళీగా వదలాలి. ఏడుగురు ఖాళీగా వదిలారు. ఖాళీ కూడా నాకు ఒక రీడింగే.

పాత పది వాక్యాల సర్వే కూడా పోలిక కోసం మళ్లీ పెట్టాను. సగటు 3.6కి పడిపోయింది. మా జువాలజీ మేడం చూసి, "ఏంటండీ, మీ ప్రాజెక్టు చేసి పిల్లలు వెనక్కి పోయారా?" అని నవ్వింది. పడిపోవడం మంచి కబురని ఆమెకు నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. నవంబరులో వాళ్లకు ప్రయోగం రూపొందించడమంటే ఏమిటో తెలియదు కనుక ఐదు. ఇప్పుడు అందులో ఎన్ని గుంటలున్నాయో చూశారు కనుక మూడున్నర. కొలిచే కర్ర మధ్యలో పొడవు మారిపోయింది. ముందు, తర్వాత అని రెండు సర్వేలు పెట్టి తీసివేత చేసే ప్రతి రిపోర్టులోనూ ఈ లోటు ఉంటుంది. దీన్ని తప్పించడానికి ఒక ఉపాయం ఉంది. చివర్లోనే రెండూ అడగాలి: ఇప్పుడు ఎంత, ఇప్పుడు వెనక్కి చూస్తే నవంబరులో నిజంగా ఎంత? దానిలోనూ టీచరు మొహం చూసి రాసే బాపతు ఉంటారనుకోండి.

ఈ లోపు పైకి పంపాల్సిన మార్కుల ఫార్మాట్ వచ్చింది. హాజరు, రికార్డు, వైవా, రిపోర్టు. రిపోర్టు కనీసం ఇన్ని పేజీలు అని ఉంది. జెరాక్స్ షాపు వాడికి ఇది చూపిస్తే పండగ చేసుకుంటాడు.

2025 జనవరి 21, మంగళవారం

సంక్రాంతి సెలవులు అయ్యాయి. లాబ్‌లో ఎవరి టిఫిన్ బాక్సు తెరిచినా అరిసెలే. నూనె చేతుల్తో క్యూవెట్ ముట్టుకున్నవాళ్లను వెనక్కి పంపాను.

సెలవుల్లో రఫ్ బుక్కులు ఇంటికి తెచ్చుకున్నాను. మార్కులకు ఒక్క కొలమానమే పెట్టుకున్నాను: రీడింగ్ తేడాగా వచ్చినప్పుడు ఏం చేశారు? పట్టించుకోకపోయినా, దిద్దేసినా సున్నా. తేడా వచ్చిందని రాస్తే ఒకటి. మళ్లీ చేస్తే రెండు. కారణం ఊహించి, ఆ ఊహను పరీక్షిస్తే మూడు.

ఒక్కదాన్నే వేస్తే నా ఇష్టాయిష్టాలు దూరతాయని జువాలజీ మేడంని కూడా విడిగా వేయమన్నాను. ఇరవైనాలుగు పుస్తకాల్లో పదిహేనింటికే ఇద్దరి మార్కూ కలిసింది. అంటే నూటికి అరవైరెండున్నర, పర్లేదనిపిస్తుంది. కానీ కళ్లు మూసుకుని వేసినా కొన్ని కలుస్తాయి. జేకబ్ కోహెన్ 1960లో చెప్పిన కప్పా లెక్క ఈ కాకతాళీయాన్ని తీసేస్తుంది. మా ఇద్దరి మార్కుల పంపకాన్ని బట్టి చూస్తే ఊరికే కలిసే అవకాశం 0.40. 0.625లోంచి 0.40 తీసేసి, మిగిలినదాన్ని 0.60తో భాగిస్తే 0.375. ఇద్దరం రెండు వేర్వేరు పరీక్షలు దిద్దినట్టే.

ఎక్కడ తేడా వచ్చిందో పుస్తకాలు ముందేసుకుని చూశాం. చాలావరకు పసుపుమూత దగ్గర. అందులో ఒకమ్మాయి పుస్తకం చూస్తే ముచ్చటేస్తుంది. స్కేలు పెట్టి గీసిన గడులు, ఒక్క కొట్టివేత లేదు. నేను రెండు వేశాను, మళ్లీ చేసింది కదా అని. మేడం సున్నా వేసింది. "మూడుసార్లూ 0.412 ఎలా వచ్చిందండీ? మీ మిషను అంత మంచిదా?" అంది. నా దృష్టి గడుల అందం మీదే ఉండిపోయింది.

ఆ అమ్మాయిని పిలిచి మెల్లగా అడిగాను. ముందు మాట్లాడలేదు. తర్వాత బ్యాగులోంచి మడతపెట్టిన తెల్లకాగితం తీసింది. అసలు రీడింగులు అందులో ఉన్నాయి: 0.398, 0.431, 0.407, ఒకటి కొట్టేసి 0.52, పక్కన ప్రశ్నార్థకం. "కొట్టివేతలుంటే మార్కులు పోతాయి కదా మేడం. అందుకే బయట రాసి, సగటు కట్టి అదే మూడుసార్లూ ఎక్కించాను."

ఆ రూలు పెట్టింది నేనే. ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో కొట్టివేతకు అర మార్కు చొప్పున కోసేదాన్ని, నీటుగా ఉండాలని. రెండేళ్ల పాటు నేను పాఠం చెప్పింది కెమిస్ట్రీ అనుకున్నాను. ఆ పిల్ల నేర్చుకున్నది అంకెలు దాచడం.

ఆ తెల్లకాగితాన్ని రఫ్ బుక్‌లో అంటించమన్నాను. మూడుకి రెండు.

2025 జనవరి 29, బుధవారం

కొలమానం మాటలు మార్చాం. 'మళ్లీ చేస్తే' అన్న చోట 'మళ్లీ చేసి, రెండు అంకెలూ ఉంచితే' అని. ఇంకో వారం పుస్తకాలు తీసుకుని మళ్లీ విడివిడిగా వేశాం. ఇరవైఒకటి కలిశాయి. కప్పా 0.8. మేడం కాంటీన్‌లో టీ ఇప్పించింది.

2025 ఫిబ్రవరి 5, బుధవారం

పచ్చమూత వాళ్లు ఈ ప్రాజెక్టులో నేను ఊహించనిది తెచ్చారు.

వెలిగండ్ల వైపు పల్లెలో ఒకావిడ వాళ్లతో అందట: "పప్పుడకని బోరు తాగినోళ్ల పళ్లు తెల్లంగానే ఉంటాయి. పప్పు మెత్తంగా ఉడికే నీళ్లే పళ్లను గార పట్టిస్తాయి." పిల్లలు దాన్ని రఫ్ బుక్‌లో ఒక మూల రాసుకున్నారు. రెండు వారాలు అది అలాగే ఉంది. పోయిన శుక్రవారం వాళ్లలో ఒకడు వచ్చి, "మేడం, పప్పు ఉడకదంటే కఠిన జలమే కదా? ఈడీటీఏ టైట్రేషన్ మనకు ఫస్టియర్‌లోనే వచ్చు. ప్రతి బోరుకీ కాఠిన్యం కూడా కొలుద్దామా?" అన్నాడు.

తొమ్మిది బోర్లు కొలిచారు. ఏడింటిలో ఆవిడ మాట నిజమైంది: కాఠిన్యం తక్కువున్న చోట ఫ్లోరైడ్ ఎక్కువ. రెండింటిలో కాలేదు. కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకి దిగుతుంది, నీళ్లలో ఎక్కువ మిగలదు. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లు ఇక్కడి గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడ్‌ను లాగి తమలో ఉంచుకుంటాయి. ద్రావణీయతా లబ్ధం అనే పాఠం మూడుసార్లు చెప్పాను నేను, ఒక్కడు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు. పప్పు కుండ మీదుగా వచ్చేసరికి వాళ్లే అడిగి మరీ చెప్పించుకున్నారు.

2014లో ఆకిన్‌క్లాస్, ఆమె సహరచయితలు క్లాసు రీసెర్చ్‌ను మామూలు ప్రాక్టికల్స్ నుంచి వేరుచేసే ఐదు గుణాలు రాశారు: శాస్త్రీయ పద్ధతులు వాడటం, కొత్తది కనుక్కోవడం, క్లాసు బయట ఎవరికైనా పనికిరావడం, కలిసి పనిచేయడం, చేసిందే మళ్లీ చేయడం. చదివినప్పుడు అది స్టాఫ్ రూం గోడకు అంటించే చార్టులా అనిపించింది. పచ్చమూత పుస్తకంలో ఐదూ ఒకే పేజీలో ఉన్నాయి, పచ్చటి మరకతో సహా. మరక చట్నీదని వాళ్లే ఒప్పుకున్నారు.

మిగతా రెండు బోర్లు ఎందుకు తప్పాయో వాళ్లకింకా తెలియదు. నాకూ తెలియదు. లోతు అయ్యుండొచ్చని, కాఠిన్యం కొలుద్దామన్న పిల్లవాడి ఊహ. బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులు దించారో రైతుల్ని అడుగుతున్నారు. మూడుకి మూడు, ఇద్దరమూ.

2025 ఫిబ్రవరి 28, శుక్రవారం

సైన్స్ డే. పోస్టర్లు పెట్టారు. వచ్చిన అతిథులకు ఎర్రమూత వాళ్ల పోస్టరే అన్నిటికంటే నచ్చింది, పుర్రె బొమ్మ ఉంది మరి. ఎర్రమూత లీడరు మాత్రం 1.38, 1.41, 1.40 అనే ఆ ఐదు తప్పుడు అంకెలూ పెద్దక్షరాల్లో రాసి, కింద 'ఇవి నమ్మకండి, ఎందుకంటే' అని మొదలుపెట్టాడు. ఎవరూ ఆగి చదవలేదు. నేను రెండుసార్లు చదివాను.

2025 మార్చి 8, శనివారం

చిల్లగింజ ప్రశ్న మళ్లీ. అదే కాగితం, అదే వాక్యం. ఈసారి రాయడానికి నలభై నిమిషాలు పట్టింది, నవంబరులో ఎనిమిది.

గింజ కలపని కుండ పక్కన పెట్టాలన్నవాళ్లు పదిహేడు మంది. ఒకే బోరు నీళ్లు రెండింట్లోనూ పోయాలన్నవాళ్లు పద్నాలుగు. ఒక్కసారి కాదు మూడుసార్లయినా చేయాలని పదిహేను. నల్లమూత అబ్బాయి ఒకడు రాసింది ఇక్కడ దించుకుంటున్నాను: "గింజ కలిపితే నీళ్లు తేటగా అవుతాయి. తేటగా కనబడితే ఫ్లోరైడ్ పోయిందని జనం అనుకోవచ్చు. కళ్లకు కనబడేది వేరు, ఫ్లోరైడ్ వేరు. అందుకే ముందు తర్వాత రెండూ కొలవాలి. కుండ మట్టి కూడా ఏమన్నా పీల్చుకుంటుందేమో చూడాలి, కాబట్టి రెండు కుండలూ ఒక్క కుమ్మరి దగ్గరే కొనాలి."

ఒక్క కుమ్మరి దగ్గర! ఈ మాట ఏ మార్కుల కొలమానంలో పెట్టను?

అందరూ ఇలా రాయలేదు. ఐదుగురు ఇప్పటికీ 'లాబ్‌కి పంపాలి' దగ్గరే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు రఫ్ బుక్‌లో మంచి మార్కులవాళ్లే. టీములో వేరేవాళ్లు ఆలోచిస్తుంటే వీళ్లు చక్కగా రాసిపెట్టారని నా అనుమానం. టీము పనికి వేసిన మార్కు ఇలాంటివాళ్లను దాచేస్తుంది. వచ్చే ఏడు టీములో రాసేవాళ్లను వారంవారం మార్చాలి.

2025 మార్చి 22, శనివారం

ఈరోజు ప్రపంచ జల దినోత్సవమట, బ్యానర్ కట్టమన్నారు. బ్యానర్ కాలేజీలో వదిలేసి, నీలంమూత, ఎర్రమూత పిల్లలతో అవ్వ ఊరికెళ్లాను. రామాలయం అరుగు మీద పదిహేనుమంది చేరారు. అవ్వ కూడా వచ్చింది, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఎర్రమూత లీడరు బోరు బోరుకీ అంకె చదివి, ఏది తాగకూడదో, ఏది బట్టలకూ గేదెలకూ వాడుకోవచ్చో చెప్పాడు. కాచి తాగితే పోదా అని ఒకాయన అడిగాడు. పోదు తాతా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది అన్నాడు. ఈ జవాబు నేను నేర్పలేదు.

అంతలో ఒకాయన లేచి బడి ముందు బోరు సంగతి అడిగాడు. చిన్నపిల్లలు తాగేది అదే. నీలంమూత అమ్మాయి చేతిలో రఫ్ బుక్ ఉంది. దానిలో ఆ బోరుకి రెండు అంకెలున్నాయి, డిసెంబరులో 1.3, ఫిబ్రవరిలో పలచన చేసి తీసినది 2.1. నా వైపు చూసింది. నేను కావాలనే తల తిప్పుకున్నాను.

"ఆ బోరుది ఇప్పుడు చెప్పనండీ," అంది. "రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది. మొదటిది పలచన చేయకుండా తీసింది, రెండోది ఒక్కసారే తీశాం. సోమవారం వచ్చి మళ్లీ పట్టుకెళ్తాను. అప్పటిదాకా పిల్లలకు క్యాన్ నీళ్లే ఇవ్వండి."

పైనుంచి వచ్చిన ఫార్మాటులో దీనికి గడి లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

అవ్వ లేచి, ఆ అమ్మాయి చేతిలో పుస్తకం వంక చూసింది. "సోమారం ఎన్నింటికొస్తావు పాపా?"

"పదింటి బస్సుకి అవ్వా."

"ఆ బస్సు టయానికి రాదు. తొమ్మిదింటి దానికి రా."

నీలం మూతల సీసాలు ఆరు కడిగి ఆరబెట్టాం. రియేజెంట్ ఇంకో నలభై రీడింగులకు సరిపోతుంది.